రోటే ద్వీపంలో ఉద్యోగం, కాపురం, స్థలం: ఏది చెయ్యొచ్చు, ఏది వద్దు

భీమవరం దగ్గర్నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఫిషరీస్ చదివి నాలుగేళ్లు రొయ్యల చెరువుల మీద పనిచేశారు. ఇండోనేషియాకి దక్షిణాన చిట్టచివర ఉన్న రోటే ద్వీపంలో సముద్రపు నాచు కొనే కంపెనీ ఒకటి ఫీల్డ్ సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తానంటోంది. ఉండాల్సింది పల్లెలో. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. బాలిలో ఉన్న స్నేహితుడేమో "అక్కడ బీచ్ పక్కన స్థలం చవక, లోకల్ మనిషి పేరు మీద కొనేసెయ్" అంటున్నాడట. అలాంటి పల్లెలో బతకగలమా, ఆ ఊళ్లకి భవిష్యత్తంటూ ఉందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఉద్యోగానికి వెళ్లండి, రెండేళ్ల ఒప్పందం మీద. కుటుంబాన్ని పల్లెలో కాకుండా పక్కనున్న తైమూర్ ద్వీపంలోని కుపాంగ్ నగరంలో పెట్టండి. స్థలం మీద ఒక్క రూపాయి పెట్టకండి. ఇక ఊరి భవిష్యత్తంటారా, ఉంది. కానీ మీ కంపెనీవాళ్లు ఇంటర్వ్యూలో చెప్పినట్టు అదంతా నాచులో లేదు. రోటే మనిషి ఏ ఒక్క పంటనీ నమ్ముకుని బతకడు. అలా ఒక్కదాన్నే నమ్ముకునేది బయటినుంచి వచ్చేవాళ్లే.

నేనూ గోదావరి జిల్లా వాణ్నే. హేచరీ పని మీద ఇండోనేషియా వచ్చి, తర్వాత క్యారజీనన్ (నాచు నుంచి తీసే జిగురు) ఫ్యాక్టరీకి ఎండు నాచు కొనే పనిలోకి మారాను. ఇల్లు జావా ద్వీపంలోని సురబాయలో. రోటే, సబు, సుంబా ద్వీపాల తీరాలకి ఏటా తిరుగుతూనే ఉంటాను. కాబట్టి చెప్పేదంతా కొనుగోలుదారుడి వైపు నుంచి కనిపించేదే. పండించేవాణ్ని అడిగితే కొన్ని సంగతులు వేరేగా చెప్తాడు, ముఖ్యంగా తూకం గురించి.

రోటే మరీ చిన్నదేం కాదు. 1,200 చదరపు కిలోమీటర్ల పైమాటే, జనం 2020 జనాభా లెక్కల ప్రకారం లక్షా నలభై వేలు దాటారు. 2002లో ప్రత్యేక జిల్లా అయింది, ముఖ్య పట్టణం బాఆ. కుపాంగ్ నుంచి స్పీడ్ బోటులో రెండు గంటలు, వాహనాలెక్కే ఫెర్రీలో నాలుగు గంటలు, చిన్న విమానం కూడా ఉంది. మ్యాప్‌లో చూస్తే "ఇంతేనా, పక్కనే కదా" అనిపిస్తుంది. మధ్యలో పుకుఆఫు జలసంధి ఉంది. జనవరి, ఫిబ్రవరిల్లో పడమటి గాలి లేచిందంటే వాతావరణ శాఖ హెచ్చరిక వస్తుంది, ఫెర్రీలు ఆగిపోతాయి. ఒక్కోసారి రోజుల తరబడి. 2006లో ఈ దారిలోనే ఒక ఫెర్రీ మునిగి చాలామంది పోయారు. అందుకని ఇప్పుడు ఆపమంటే ఆపేస్తారు, ఎవరూ వాదించరు. ఆ రోజుల్లో బాఆలో కూరగాయల ధర, పెట్రోలు ధర చూస్తే మీకే అర్థమవుతుంది. పల్లెలో ఐతే సరుకే ఉండదు.

వాన డిసెంబరు నుంచి మార్చి దాకా. మిగతా ఎనిమిది నెలలూ ఎండే. పచ్చని ద్వీపం, కొబ్బరితోటలు అనుకుని వెళ్లకండి. సెప్టెంబరులో చూస్తే రాయలసీమ పక్కన సముద్రం వచ్చినట్టుంటుంది. అంత ఎండలోనూ పచ్చగా నిలబడేది తాటిచెట్టు. అవును, మన తాడే. అక్కడ లొంతార్ అంటారు.

ఈ చెట్టు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీ కంపెనీ మీకిచ్చే శిక్షణలో ఇది ఉండదు, కానీ మీ నాచు సరఫరా దీని మీదే ఆధారపడి ఉంటుంది. మన దగ్గర తాటిగీత ఒక కులానికి కట్టిన వృత్తి. రోటేలో అలా కాదు, ఊళ్లో సగం మందికి చెట్టెక్కడం వచ్చు. పోతుతాడు, పెంటితాడు రెండూ గీస్తారు. రోజుకి రెండుసార్లు ఎక్కుతారు, పొద్దున, సాయంత్రం. తీసిన నీరాని అప్పటికప్పుడు తాగుతారు, మిగిలింది మట్టి పొయ్యి మీద మరగబెట్టి పాకం చేసి జాడీల్లో దాస్తారు. ఆ పాకాన్ని నీళ్లలో కలుపుకుని తాగడం ఒకప్పుడు పూట భోజనం. ఇప్పటికీ ఎండాకాలం ముసలివాళ్లకి అదే మధ్యాహ్నపు తిండి. ఇంకా మరగబెడితే అచ్చుబెల్లం. పులియబెట్టి బట్టీ పెడితే సోపి అనే సారా. మడ్డి పందులకి. ఆకుతో ఇంటికప్పు, బుట్టలు, నీళ్లు తోడే చేద, టోపీ, చివరికి సాసాండో అనే తీగవాద్యం కూడా. 1992 నాటి 5,000 రుపియాల నోటు మీద ఉన్నది ఆ వాద్యమే.

కొనుగోలుదారుడికి దీంతో ఏం పని? గీత జోరుగా సాగే నెలల్లో మగవాళ్లు చెట్టు మీద ఉంటారు, నాచు తాళ్ల దగ్గర ఆడవాళ్లు, పిల్లలే ఉంటారు. నవంబరు, డిసెంబరుల్లో మొదటి వాన పడగానే అందరూ మొక్కజొన్న, వరి చేలోకి పోతారు. "టార్గెట్ టన్నులు" అని ఫోన్ మీద ఫోన్ చేస్తూ కూర్చునే సూపర్‌వైజర్‌ని చూసి ఊరంతా నవ్వుకుంటుంది. ఊరి క్యాలెండర్ పట్టుకుని కొనేవాడికి సరుకు దొరుకుతుంది.

ఇప్పుడు నాచు. అక్కడ పెంచేది కొట్టోనీ రకం. అడుగున పగడపు దిబ్బలున్న లోతులేని నీళ్లలో కర్రలు పాతి, తాళ్లు కట్టి, తాడుకి జానెడు జానెడు దూరంలో విత్తనపు రెమ్మలు కడతారు. 45 రోజులకి కోత. మళ్లీ అందులోంచే విత్తనం తీసి కట్టడం. పచ్చిది ఏడెనిమిది కిలోలు ఎండితే ఒక కిలో. ఎండాక ఐస్‌క్రీములు, టూత్‌పేస్టు, సాసేజీలు, కుక్కల తిండి డబ్బాల దాకా పోయే జిగురు దీన్నుంచే తీస్తారు. ఈ రకం నాచు పండించడంలో ప్రపంచంలో ఇండోనేషియాదే మొదటి స్థానం. అయితే అందులో పెద్ద వంతు ఎండబెట్టిన సరుకుగానే చైనాకి పోతుంది. జిగురు తీసే లాభం పల్లెకే కాదు, దేశానికీ సరిగా దక్కడం లేదు.

రొయ్యల నుంచి వచ్చినవాళ్లకి ఈ పని మొదట తేలిగ్గా అనిపిస్తుంది. మేత లేదు, ఏరేటర్ లేదు, కరెంటు బిల్లు లేదు. పెట్టుబడి తాళ్లు, కర్రలు, ఒక చిన్న పడవ. అందుకే పేదవాడు కూడా దిగగలిగాడు. చిక్కు ఎక్కడొస్తుందంటే, నీళ్లు వేడెక్కినా, వానకి ఉప్పదనం పడిపోయినా రెమ్మలు తెల్లబడి విరిగిపోతాయి, దాన్నే ఐస్-ఐస్ అంటారు. మందు లేదు, వెంటనే కోసెయ్యడమే. అదే విత్తనాన్ని ఏళ్ల తరబడి కడుతూ పోవడం వల్ల ఎదుగుదల కూడా తగ్గింది. కణజాల పద్ధతిలో తయారుచేసిన విత్తనం ప్రభుత్వ కేంద్రాల్లో ఉంది, అవసరమున్న ఊళ్లన్నిటికీ చేరడం లేదు. మీరు చేరితే కంపెనీ చేత చేయించగలిగే మంచి పని ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ధర సంగతి. 2022లో కిలో ఎండు నాచు 40 వేల రుపియాల దాకా వెళ్లింది. మన రూపాయికి సుమారు 190 రుపియాలు వేసుకోండి, అంటే రెండొందల పైన. మరుసటి ఏడాదికి సగానికి పడిపోయింది. పెరిగినప్పుడు కొత్త మోటార్ సైకిళ్లు, ఇంటికి రేకులు, పిల్లల కాలేజీ ఫీజులు. పడిపోయినప్పుడు నాకు తెలిసిన ఒక పడమటి తీరపు కుటుంబం ఏం చేసిందో చెప్తాను. సగం తాళ్లు తీసేసి చుట్టి దాచుకున్నారు. తండ్రి మరో నాలుగు తాటిచెట్లు పట్టాడు. తల్లి ఇకాత్ మగ్గం ముందు కూర్చుంది. పెద్దకొడుకు కుపాంగ్‌లో నర్సింగ్ చదువు మానలేదు, రెండు పందుల్ని అమ్మి కట్టారు. ఎవరూ గుండెలు బాదుకోలేదు. అదే సమయంలో ధర చూసి సులవేసి ద్వీపంలోని మకాస్సర్ నుంచి వచ్చి అప్పు చేసి గోడౌన్ కట్టిన వ్యాపారి తాళం వేసి వెళ్లిపోయాడు.

తరుగు గురించి ఒక మాట. తేమ 35–38 శాతం దాటకూడదని కొనుగోలు ఒప్పందాల్లో ఉంటుంది. దళారి చేత్తో పిసికి "తడి ఉంది" అంటాడు, ఇంత అని కోసేస్తాడు. రైతు కూడా తక్కువ తినలేదు, మధ్యలో ఇసుక, ఉప్పు ఉంచి మూట కడతాడు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక తేలేది ఏమిటంటే, మంచిగా మంచె మీద ఎండబెట్టినవాడికీ నేలమీద పరిచినవాడికీ ఒకే ధర. మీరు వెళ్తే తేమ చూసే మీటరు, అందరి ముందూ కాటా పెట్టించండి. మొదటి నెల దళారులు మీతో మాట్లాడరు. పర్లేదు. అడ్వాన్సులు మాత్రం జాగ్రత్త. అక్కడ చావుకీ పెళ్లికీ పందులు, గేదెలు కొయ్యాలి, ఊరంతటికీ పెట్టాలి. నాచు మీద ఇచ్చిన అడ్వాన్సు సగం అటే పోతుంది. అడగొద్దనలేరు, ఇవ్వకపోతే సరుకు పక్కవాడికి పోతుంది. ఎంత దాకా ఇవ్వాలో రాతపూర్వకంగా కంపెనీ దగ్గర ముందే తీసుకోండి.

ఒకే పంట మీద నిలబడితే ఏమవుతుందో రోటే 2009లో చూసింది. ఆ ఏడాది ఆగస్టు 21న ఆస్ట్రేలియా జలాల్లోని మోంటారా చమురు బావి పేలి, 74 రోజుల పాటు చమురు సముద్రంలోకి కారింది. అది రోటేకి సుమారు 250 కిలోమీటర్ల దూరం. కొన్ని వారాల్లో తాళ్ల మీదున్న నాచంతా తెల్లబడి రాలిపోయింది. తిరిగి కట్టినా చాలా చోట్ల ఏళ్ల దాకా రాలేదు. చమురు మీ తీరానికి రానేలేదని బావి నడిపిన కంపెనీ వాదించింది. డేనియల్ సాండా అనే రోటే రైతు 15 వేల మందికి పైగా రైతుల తరఫున ముందు నిలబడి 2016లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టుకి వెళ్లాడు. 2021 మార్చిలో గెలిచాడు. 2022 నవంబరులో 19 కోట్ల 25 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకి రాజీ కుదిరింది. పదమూడేళ్లు! ఆ పదమూడేళ్లూ పొయ్యి ఆరిపోకుండా ఊళ్లు ఎలా బతికాయంటే మళ్లీ తాడిచెట్టు, కాస్త చేను, బయట పనికెళ్లిన పిల్లలు పంపిన డబ్బు. ఏ ఊళ్లోనైనా ఇప్పటికీ పెద్దవాళ్లు కాలాన్ని "చమురుకి ముందు, తర్వాత" అని లెక్కపెడతారు. మీరు కొనేది వాళ్ల దగ్గరే. ఆ కథ తెలియకుండా వెళ్లకండి.

తూర్పున పపేలా అనే బెస్తపల్లె ఉంది, ముస్లింల ఊరు, బుటన్, బజావ్ అనే సముద్రపు జాతుల సంతతి. వాళ్లకి చేను లేదు, తాటిచెట్టు లేదు, సముద్రమొక్కటే. 1974లో ఇండోనేషియా, ఆస్ట్రేలియాల మధ్య జరిగిన ఒప్పందం ప్రకారం సంప్రదాయ తెరచాప పడవల మీద ఆష్‌మోర్ రీఫ్ చుట్టుపక్కల వేటాడొచ్చు. ఒప్పుకున్న హద్దు దాటితే ఆస్ట్రేలియావాళ్లు పడవ కాల్చేస్తారు. అప్పుతో కట్టిన పడవ పోయాక కుర్రాళ్లు ఆస్ట్రేలియాకి పోయే శరణార్థుల పడవల్లో వంటపని, సరంగు పని అంటే ఒప్పుకుని వెళ్లి జైళ్లపాలయ్యారు. ద్వీపం ఒకటే అయినా పపేలా బతుకు వేరు, పడమటి తీరం బతుకు వేరు. "రోటేలో ఎలా ఉంటుంది" అని అడిగితే ఏ ఊరని ఎదురడిగేది అందుకే.

సరే, మీ కాపురం.

నీళ్లు, కరెంటు, నెట్: కరెంటు ఫరవాలేదు. సిగ్నల్ గుట్ట పక్కనుంటే వస్తుంది, లేకపోతే లేదు. నీళ్లే కష్టం. ఎండాకాలం చివర్లో బావి నీళ్లు ఉప్పబడతాయి, ట్యాంకరు కొనాలి. ఇల్లు చూసేటప్పుడు గదులు కాదు, సిమెంటు తొట్టి ఎంత పెద్దదో చూడండి.

వైద్యం: పల్లెలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, మంత్రసాని నర్సు ఉంటారు. బాఆలో జిల్లా ఆసుపత్రి. స్కానింగు, పెద్ద ఆపరేషన్ అంటే కుపాంగ్. మలేరియా ఉంది. మనవైపు నుంచే వచ్చిన ఒక టెక్నీషియన్ కుటుంబంతో తీరపు ఊళ్లో ఉన్నాడు, జనవరిలో పిల్లాడికి జ్వరం పట్టుకుంది, ఫెర్రీ లేదు, విమానం ఎగరలేదు. మలేరియా అని బాఆలోనే తేలి మందు దొరికింది కాబట్టి సరిపోయింది. కానీ ఆ నాలుగు రోజుల తర్వాత వాళ్లావిడ అక్కడ ఉండనని చెప్పేసింది, నేనైతే ఆవిడని తప్పుపట్టను. కుపాంగ్‌లో ఉంచమన్నది ఇందుకే. వారానికో రెండు వారాలకో మీరు వచ్చిపోవచ్చు. రోటే, కుపాంగ్ ఉన్న రాష్ట్రంలో పిల్లల ఎదుగుదల లోపం 2022 సర్వేలో 35.3 శాతం, దేశ సగటు 21.6. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా. తిండి లేక మాత్రమే కాదు, నీళ్లు, అతిసారం, దూరం, అన్నీ కలిసి.

పాప చదువు: నాలుగేళ్ల పాపకి కుపాంగ్ కిండర్‌గార్టెన్ చాలు, భాష ఆర్నెల్లలో మీకంటే ముందు ఆమెకే వస్తుంది. ఒకటో తరగతి వచ్చేసరికి సంగతి వేరు. అందుకే రెండేళ్లన్నాను.

తిండి: అన్నం, చేప, మొక్కజొన్న, మునగాకు. మునగాకు పప్పు కాదు, పులుసులా నీళ్లగా వండుతారు. నిమ్మ, మిరపతో లుఆత్ అనే పచ్చడి ఉంటుంది, మన నాలుకకి బాగా పడుతుంది. పంది మాంసం తినకపోతే ముందే నవ్వుతూ చెప్పండి, ఎవరూ ఏమనుకోరు. పిలిచిన విందుకి వెళ్లకపోతే మాత్రం అనుకుంటారు. పడమటి ఊళ్లు దాదాపు అన్నీ ప్రొటెస్టెంట్లే, ఆదివారం పని పెట్టకండి.

ఇక స్థలం. 1960 నాటి మౌలిక భూ చట్టం ప్రకారం పూర్తి యాజమాన్యం ఇండోనేషియా పౌరులకే. వేరొకరి పేరు మీద కొని వెనకాల కాగితం రాయించుకోవడం చెల్లదు. నాకు తెలిసిన ఒక భారతీయుడు రోటే పడమటి తీరంలోని నెంబరాలా వైపు ఇలాగే చేశాడు. అక్కడ అలలకి పేరుంది, సర్ఫింగ్ చేసే ఆస్ట్రేలియన్ల వల్ల స్థలాల ధర పెరిగింది. పేరు పెట్టినాయన చనిపోయాడు. వారసులు ఐదుగురు. ఈయన దగ్గరున్న కాగితాన్ని కోర్టు ముందు పెడితే తన తప్పే బయటపడుతుంది, అందుకని పెట్టలేదు. చట్టబద్ధంగా రావడానికి ఒక దారి విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టడం, దానికి పెట్టుబడి ప్రణాళిక వెయ్యి కోట్ల రుపియాలు, మన లెక్కలో ఐదు కోట్ల పైన ఉండాలి. అంత డబ్బుంటే మీరు ఈ ఉద్యోగం గురించి అడగరు. ఇంకొకటి, తీరపు భూమి కాగితాల్లో ఒకరి పేరున్నా వంశం మొత్తానిదై ఉంటుంది. అమ్మినవాడి చిన్నాన్న పదేళ్ల తర్వాత వచ్చి అడుగుతాడు, అతని అడగడంలోనూ న్యాయం ఉంటుంది.

ఊరి కుర్రాళ్ల సంగతికొస్తే, వాళ్లు వెళ్లిపోతున్నారని మనం బాధపడతాం, వాళ్లు పడరు. రోటేలో చదువుకి వెళ్లడం కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దంలోనే అక్కడి చిన్న చిన్న రాజులు మలయ్ బడులు అడిగి పెట్టించుకున్నారు. ఇండోనేషియాలో రేడియాలజీకి ఆద్యుడైన డబ్ల్యూ.జడ్. యోహానెస్ రోటే బిడ్డ, కుపాంగ్ పెద్దాసుపత్రికి ఆయన పేరే. గజమద విశ్వవిద్యాలయానికి 1961 నుంచి 1966 దాకా రెక్టర్‌గా ఉన్న హెర్మన్ యోహానెస్‌ది కూడా అదే ద్వీపం. కుపాంగ్ ఆఫీసుల్లో, బడుల్లో రోటే పేర్లు కుప్పలు. టీచరో నర్సో అయినవాడు ఇంటికి పంపే డబ్బు కూడా అక్కడ ఒక పంటే. తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా 2014 గ్రామ చట్టం తర్వాత. 2015 నుంచి ఊరి నిధులు నేరుగా పంచాయతీకి రావడం మొదలై, లెక్కలు రాయడానికి చదివినవాళ్లు కావలసివచ్చారు. రోడ్లు, నీళ్ల తొట్లు వాటితోనే వచ్చాయి.

2025లో ప్రభుత్వం రోటేలో వేల హెక్టార్ల ఉప్పుమడుల ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఎండ, గాలి చూస్తే ఉప్పు పండుతుంది, అనుమానం లేదు. జీతాలొస్తాయి. కానీ మడులు కట్టే ఆ చదును తీరమే పశువుల మేత, నాచు ఆరబెట్టే చోటు. ఉప్పుతో పాటు మిగతావీ నిలుస్తాయా అన్నది ఎలా కడతారన్న దాని మీద ఉంటుంది. మీరు చేరే ఊరు ఆ ప్రాజెక్టు పరిధిలో ఉందేమో సంతకం చేసే ముందు కంపెనీని అడగండి, ఉంటే రెండేళ్లలో మీ సరఫరాదారుల్లో కొంతమంది ఉప్పులోకి పోతారు.

చివరగా ఒప్పందంలో ఉండాల్సినవి. వీసా ఆన్ అరైవల్ మీద రమ్మంటే ఒప్పుకోకండి, అది 30 రోజులు, ఒక్కసారి పొడిగింపు, దాని మీద పని చెయ్యడం నేరం. వర్క్ పర్మిట్, నివాస అనుమతి కంపెనీ ఖర్చుతో చేతికొచ్చాకే టికెట్. కుపాంగ్‌లో ఇంటి అద్దె, భార్యా పాపలకి ఆశ్రిత వీసా, ముగ్గురికీ అత్యవసర తరలింపు ఉన్న ఆరోగ్య బీమా రాయించుకోండి. జీతంలో కొంత టన్నులకి ముడిపెడితే డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ లెక్క వర్తించదని రాయించండి, ఆ నాలుగు నెలలూ ఊరు చేలో ఉంటుంది. చేరేది మే నెలలో అని అడగండి. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, గీత నడుస్తుంటుంది, మనుషులు మాట్లాడటానికి తీరిగ్గా దొరుకుతారు. ఇండోనేషియన్ భాష ఇప్పుడే మొదలుపెట్టండి, మూడు నెలల్లో బేరమాడేంత వస్తుంది. ఏ ఊరో తెలిశాక ఇక్కడే రాయండి, ఆ తీరం నాకు తెలిసినదైతే నీళ్ల సంగతి చెప్తాను.